తెల్ల టైర్లకు కిరోసిన్ వద్దు, సబ్బు నీళ్ళు చాలు

మన బెంగళూరు ఇళ్ళలో పిల్లల సైకిళ్ళకు తెలుపు, మీగడ రంగు టైర్లు కనిపిస్తుంటాయి. రెండు వానలు పడితే చాలు, ఎర్రమట్టి పట్టి మాసిపోతాయి. వాటిని తుడవడానికి కిరోసిన్, పెట్రోలు వాడవద్దని సభ్యులందరికీ మా మనవి. అవి రబ్బరును ఉబ్బించి, బలహీనం చేస్తాయి.

మామూలు టైరుకు నలుపు వచ్చేది అందులో కలిపే కార్బన్ బ్లాక్ అనే మసి వల్ల. ఎండ నుంచి, అరుగుదల నుంచి రబ్బరును కాపాడేది కూడా అదే. లేత రంగు రబ్బరులో ఆ మసి ఉండదు కనుక ఎండకు త్వరగా రంగు మారి, పగుళ్ళు వస్తాయి.

గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మొండి మరకకు వంటసోడా ముద్ద పట్టించండి. కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టండి. రబ్బరు లోపలి నుంచి వచ్చిన పసుపు పూర్తిగా పోదు. గీకి లాభం లేదు. మెరుపు కోసం నూనె, పాలిష్ పూయకండి. రిమ్ముకు అంటితే బ్రేకు పట్టదు.

సైకిలును ఎండ తగలని చోట, టైర్లలో సరిపడా గాలితో ఉంచండి. రిమ్ము మీది బ్రేకు పొడిని వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే నల్లచారలు తగ్గుతాయి.

తెలుపు తగ్గినా ఫరవాలేదు. పగుళ్ళలో దారాలు కనబడితే మాత్రం, ఆదివారం పిల్లల్ని కబ్బన్ పార్కుకు పంపేముందే టైరు మార్పించండి.