పార్క్ వల్ల స్టేషనా? స్టేషన్ వల్ల పార్కా?

ఈరోజు ఒక బుల్లి రైల్వే స్టేషన్ కథ చూద్దాం. పేరు వెస్ట్ గ్లేసియర్, అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉంది. స్టేషన్‌కి దగ్గర్లోనే ఒక నది, అది దాటితే గ్లేసియర్ నేషనల్ పార్క్.

ముందు పార్క్ వచ్చి, తర్వాత స్టేషన్ వచ్చిందనుకుంటాం కదా? ఇక్కడ కథ రివర్స్. గ్రేట్ నార్తర్న్ అనే రైల్వే కంపెనీ 1891లోనే ఈ కొండల్లోంచి పట్టాలు వేసింది. కానీ దారిలో ఊళ్లే తక్కువ. మరి టికెట్లు ఎవరు కొంటారు? చూడ్డానికి ఒక చోటుంటే జనం వాళ్లే వస్తారని కంపెనీ పెద్ద లూయిస్ హిల్ లెక్క. పార్క్ కావాలని అప్పటికే పోరాడుతున్న ప్రకృతి ప్రేమికులకి ఆయన తోడయ్యాడు. 1910లో పార్క్ వచ్చేసింది. అదే ఏడాది స్టేషన్ ఎదురుగా కంపెనీ హోటల్ కూడా తెరుచుకుంది.

ఇందులో ఇంకో కోణం ఉంది. పార్క్ తూర్పు భాగం ఒకప్పుడు బ్లాక్‌ఫీట్ తెగవాళ్ల నేల. 1895 ఒప్పందంతో అది వాళ్ల చేయి దాటిపోయింది. తర్వాత అదే రైల్వే టూరిస్టుల కోసం వాళ్ల బొమ్మలతోనే ప్రచారం చేసుకుంది!

1933లో పార్క్ మధ్యలోంచి రోడ్డు తెరిచారు, కార్లు వచ్చేశాయి. అయినా స్టేషన్ బతికే ఉంది. షికాగో నుంచి సియాటిల్ వెళ్లే ఎంపైర్ బిల్డర్ రైలు ఇప్పటికీ ఇక్కడ ఆగుతుంది. ఆ ఊళ్లలో ఉన్న మనవాళ్లు కారు లేకుండానే వెళ్లొచ్చు.

అడవిని కాపాడింది ప్రేమ ఒక్కటే కాదు, టికెట్ల లెక్క కూడా. ఆ లెక్కలో నేల పోగొట్టుకున్నవాళ్లనీ గుర్తుపెట్టుకుందాం. మళ్లీ కలుద్దాం!