అమీన్‌ఖాన్ ఊళ్లో ఎన్ని భాషలు!

తత్సమాలను దూరం పెట్టి, అచ్చంగా తెలుగు మాటలతోనే రాసిన తొలి కావ్యానికి పటాన్‌చెరు అండ దొరికింది. పదహారో శతాబ్దంలో పొన్నగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ రాసి, ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. అప్పట్లో ఈ ఊరి పెత్తనం ఆ ఖానుగారిదే. దర్బారు ఫార్సీలో నడుస్తున్నా ఆయనకు తెలుగు పద్యం కావాల్సివచ్చింది. ముస్లిం పాలనలో తెలుగు చెడిపోయిందని వాదించేవాళ్లు ఈ సంగతి ఎందుకో ఎత్తరు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ వైపు వెళ్లండి. పాశమైలారం కంపెనీల్లో సెలవు దొరికిన కుర్రాళ్లు కూరగాయల బండ్ల చుట్టూ మూగుతారు. ఇంటికి ఫోన్లో భోజ్‌పురి, రూమ్మేటుతో ఒడియా కలిసిన హిందీ, బండి దగ్గరకొచ్చేసరికి ‘ఉల్లిగడ్డ కిలో ఎంతక్కా?’ అక్కేమో ‘తీస్ రూపాయ్, లేలో’ అంటుంది. బేరం కుదరాలంటే ఇద్దరూ చెరో అడుగు ముందుకెయ్యాలి మరి.

ఆ ఫోన్లో వినిపించిన భాషకు సర్కారు లెక్కల్లో సొంత పద్దు లేదు. 2011 జనగణనలో భోజ్‌పురి తమ మాతృభాష అన్నవాళ్లు 5 కోట్ల పైమాటే. అందర్నీ హిందీలో కలిపేశారు. అంతదూరం ఎందుకు, మన సంగారెడ్డి జిల్లాలోనే నారాయణఖేడ్ తండాల్లో పలికే లంబాడీదీ అదే గతి. దేశం మొత్తమ్మీద 32 లక్షల మంది మాతృభాష అది. ఢిల్లీ బజారులో లంబాడీ మాట్లాడి చూడండి, అది హిందీ అవునో కాదో అక్కడే తేలిపోతుంది. ఆ నారాయణఖేడ్, జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లావి. హద్దు గీత మారినా ఝరాసంగం సంగమేశ్వరుడి దగ్గరకు కన్నడ, మరాఠీ భక్తుల రాక ఆగలేదు.

భాష పేరిట అవమానం మనకూ తెలుసు. 1921లో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రోషంలోంచి పుట్టిన ఉద్యమమే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరుపుకుంది. ఆ జోగిపేట ఇప్పుడు ఈ జిల్లాలోనే ఉంది. అప్పుడు మనవాళ్లు అడిగిందే ఇవాళ ఒడియా కార్మికుడు అడిగితే మనం గోల చేస్తామా, వింటామా?

అతనికి అది పరువు సంగతే కాదు, ప్రాణం సంగతి కూడా. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఓ ఔషధ ముడిసరుకుల ఫ్యాక్టరీలో పేలుడుకు 40 మందికి పైగా బలయ్యారు. చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. దానికి భాష కారణమని అనడం లేదు. కానీ రియాక్టర్ల పక్కన పనిచేసేవాడికి హెచ్చరిక చదివితే అర్థం కావాలి. ఫ్యాక్టరీలో పెట్టే నోటీసులు ఇంగ్లిషులోనూ, కార్మికుల్లో అత్యధికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని ఆ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ చెప్పేది. అత్యధికులెవరన్నదే చిక్కు. కాంట్రాక్టరు ఈ నెల ఒడిశాలోని గంజాం నుంచి మనుషుల్ని తెస్తాడు, వచ్చే నెల బిహార్‌లోని ఛప్రా నుంచి. గోడ మీది బోర్డు మాత్రం నెలనెలా మారదు.