ఎయిర్ రైఫిల్ స్కోప్ కొంటున్నారా? జూమ్ నంబర్ చివర్లో చూడండి

ఫోన్ బాక్స్ మీద 100ఎక్స్ జూమ్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ జూమ్‌లో ఫోటో బాగా వస్తుందని కాదు. ఈ విషయం మనకు బాగా తెలుసు. రైఫిల్ స్కోప్‌ల దగ్గరా ఇదే కథ. ఆన్‌లైన్‌లో వెతగ్గానే 6-24ఎక్స్50 లాంటి నంబర్లు కనిపిస్తాయి. అంటే 6 నుంచి 24 రెట్ల జూమ్, ముందు లెన్స్ 50 మి.మీ. అని అర్థం. ఎయిర్ రైఫిల్‌తో టార్గెట్ పోటీలకు వెళ్లాలనుకుంటే మాత్రం ఈ నంబర్ కంటే ముందు చూడాల్సినవి నాలుగున్నాయి.

ముందు రూల్‌బుక్

ఒలింపిక్స్‌లో ఉండే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఈవెంట్‌లో స్కోప్‌కి అనుమతి లేదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా గోల్డ్, 2012 లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ బ్రాంజ్ గెలిచింది కూడా స్కోప్ లేకుండానే. వెనక సన్నని రంధ్రం ఉన్న పీప్ సైట్, ముందు చిన్న రింగ్, అంతే. మధ్యలో 10 పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే! కాబట్టి మీ లక్ష్యం ఈ ఈవెంటే అయితే స్కోప్ కోసం దాచిన డబ్బు పీప్ సైట్‌కి, మంచి పెల్లెట్లకి వాడుకోండి.

మరి స్కోప్ ఎక్కడ పనికొస్తుంది? 10 మీటర్ల రన్నింగ్ టార్గెట్‌లో వాడొచ్చు కానీ 4ఎక్స్ దాటకూడదు. రైఫిల్‌ని బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్‌లో వాడతారు. ఇక స్కోప్‌కి అసలు పరీక్ష పెట్టేది 1980లో బ్రిటన్‌లో మొదలైన ఫీల్డ్ టార్గెట్. ఇందులో టార్గెట్లు సుమారు 8 నుంచి 50 మీటర్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఎంత దూరమో ఎవరూ చెప్పరు, లేజర్ రేంజ్‌ఫైండర్ వాడనివ్వరు. కొన్ని టార్గెట్లలో పెల్లెట్ తగలాల్సిన చోటు 15 మి.మీ. మాత్రమే.

అసలు విలన్ పారలాక్స్

బండి వెనక సీట్లో కూర్చుని స్పీడోమీటర్ ముల్లు చూడండి. నడిపేవాళ్లకు 60 దగ్గర కనిపించే ముల్లు మనకు కాస్త పక్కకి జరిగినట్టుంటుంది. ముల్లు, అంకెలు ఒకే తలంలో లేకపోవడమే కారణం. స్కోప్‌లోనూ అంతే. టార్గెట్ బొమ్మ, గురి గీతలు, అంటే రెటికిల్, ఒకే తలంలో పడకపోతే మన కన్ను కొంచెం కదలగానే గురి మారిపోయినట్టు ఉంటుంది.

మామూలు రైఫిల్ స్కోప్‌లు చాలావరకు 100 గజాలకు, అంటే సుమారు 91 మీటర్లకు ఫిక్స్ అయి వస్తాయి. 40 మి.మీ. లెన్స్ ఉన్న అలాంటి స్కోప్‌తో 10 మీటర్ల టార్గెట్ చూస్తున్నాం అనుకుందాం. కన్ను పూర్తిగా అంచుకు జరిగితే గురి ఎంత తప్పుతుంది? లెన్స్ వ్యాసార్ధం 20ని, దూరాల తేడా 81తో గుణించి 91తో భాగిస్తే దాదాపు 18 మి.మీ. ఇది గరిష్ఠ లెక్కే, కానీ కొట్టాల్సిన చోటే 15 మి.మీ. అయినప్పుడు ఇందులో సగం తప్పినా టార్గెట్ పోయినట్టే.

అందుకే పారలాక్స్ అడ్జస్ట్‌మెంట్ ఉండాలి. అది 10 మీటర్లు లేదా అంతకంటే దగ్గరికి రావాలి. పక్కన చక్రం ఉన్న మోడల్ అయితే ఇంకా మంచిది. ఫీల్డ్ టార్గెట్ ఆడేవాళ్లు ఈ చక్రం తిప్పి, బొమ్మ ఎక్కడ షార్ప్‌గా వస్తుందో చూసి దూరం కనిపెడతారు.

స్ప్రింగ్ రైఫిలా, పీసీపీనా?

స్ప్రింగ్ రైఫిల్‌కి పవర్ తక్కువ, ఏ స్కోప్ అయినా తట్టుకుంటుంది అనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి పిస్టన్ ముందుకి దూసుకెళ్లేటప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివర ఆగిన క్షణంలో ముందుకి తంతుంది. మామూలు స్కోప్‌లను వెనక్కి వచ్చే దెబ్బ కోసమే డిజైన్ చేస్తారు. ఈ రెండో దెబ్బకి లోపలి లెన్సులు వదులవుతాయి, రెటికిల్ తెగుతుంది. కాబట్టి స్పెక్స్‌లో ఎయిర్‌గన్ రేటెడ్ అని స్పష్టంగా ఉందో లేదో చూడండి. స్కోప్ జారకుండా స్టాప్ పిన్ ఉన్న వన్ పీస్ మౌంట్ తీసుకోండి. కంప్రెస్డ్ గాలితో నడిచే పీసీపీ రైఫిళ్లకి ఈ తలనొప్పి దాదాపు లేదు.

మౌంట్ కొనేముందు రైల్ కొలత కూడా చూసుకోవాలి. చాలా ఎయిర్ రైఫిళ్లకి 11 మి.మీ. డవ్‌టెయిల్ రైల్ ఉంటుంది, దానికి పికటినీ మౌంట్ కూర్చోదు.

క్లిక్ ఎంత కదులుతుంది?

స్కోప్ మీద ఉండే టరెట్ ఒక క్లిక్ తిప్పితే గురి ఎంత జరుగుతుందో స్పెక్స్‌లో ఇస్తారు. 0.1 మిల్ అంటే 10 మీటర్ల దగ్గర 1 మి.మీ., 50 మీటర్ల దగ్గర 5 మి.మీ. పావు ఎంఓఏ అంటే 10 మీటర్ల దగ్గర సుమారు 0.7 మి.మీ. అయితే అంకె కంటే నమ్మకం ముఖ్యం. 20 క్లిక్‌లు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పుతూ ప్రతి మూలలో కాల్చండి. చివరి పెల్లెట్ మొదటి రంధ్రం దగ్గరికే రావాలి. రాకపోతే ఆ స్కోప్ వాపస్ చేసేయండి.

ఇప్పుడు జూమ్

ముందు లెన్స్ సైజుని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే కాంతి వృత్తం వస్తుంది. 40 మి.మీ. లెన్స్‌తో 10ఎక్స్ దగ్గర అది 4 మి.మీ., 40ఎక్స్ దగ్గర 1 మి.మీ. అప్పుడు బొమ్మ డల్ అవుతుంది, కన్ను కొంచెం కదిలినా నల్లగా మారుతుంది. పైగా మన మధ్యాహ్నం ఎండలో నేల మీంచి లేచే వేడిగాలి వల్ల టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. జూమ్ పెంచేకొద్దీ ఆ ఊపు కూడా పెద్దదవుతుంది. ఫీల్డ్ టార్గెట్‌లో 40ఎక్స్ దాకా వాడేది దూరం కనిపెట్టడం కోసం. నేర్చుకునే దశలో 4-16 సరిపోతుంది.

షాపులో రెండు నిమిషాల టెస్ట్

స్కోప్‌ని కదలకుండా దేనిమీదైనా ఆనించండి. 10 మీటర్ల దూరంలో గోడ మీద ఒక చుక్క చూసి ఫోకస్ చేయండి. స్కోప్‌ని ముట్టుకోకుండా తల మాత్రమే పైకీ కిందికీ, పక్కలకీ కదపండి. రెటికిల్ చుక్క మీదే నిలిస్తే పారలాక్స్ పాసైనట్టు. చుక్క మీంచి జారుతోంది, ఎంత తిప్పినా సరికావడం లేదు అంటే, బాక్స్ మీద 24ఎక్స్ ఉన్నా 50ఎక్స్ ఉన్నా దాన్ని అక్కడే వదిలేయండి.