ఉదరమున ఇమడని బాంబు

భారమును మోయుటకు బలమొక్కటి చాలునని సామాన్యముగా తలంతుము. బాంబరు విమానముల విషయమున మాత్రము బలముతో సమానముగా శూన్యమునకును ప్రాధాన్యము కలదు. నాలుగు ఇంజనులు ఎంతటి బరువునైనను ఆకసమునకెత్తగలిగినను, దానిని ఇముడ్చుకొనుటకు విమానోదరమున అడ్డులేని చోటు లేకున్నచో ఆ శక్తి నిరుపయోగమే. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషువారి స్టిర్లింగ్ విమానము ఆకారమున మహాకాయమే. కాని దాని బాంబుల అరను పొడవునా దూలములు ఇరుకు గదులుగా చీల్చుటచే, రెండువేల పౌండ్లకు మించిన బాంబు అందు దూరదయ్యెను.

బ్రిటిషువారిదే యైన లాంకాస్టరు బాంబరు అదృష్టము వేరు. దానికి పూర్వరూపమైన మాంచెస్టరు విమానమునకు ప్రభుత్వము విధించిన నిబంధనలలో, రెండు టార్పెడోలను మోయవలెనన్నది యొకటి. టార్పెడో నిడుపైన వస్తువు గనుక రూపకర్త రాయ్ చాడ్విక్, రెక్కల దూలములకు దిగువగా నిరాటంకమైన అరను కల్పించెను. లాంకాస్టరులో దాని పొడవు 33 అడుగులు. టార్పెడోల నిబంధన పిమ్మట తొలగిపోయినది. ఇంజనులు నమ్మదగనివై మాంచెస్టరు విమానమే మూలబడినది. నాలుగు మెర్లిన్ ఇంజనులతో 1941 జనవరి 9న తొలిసారి ఎగిరిన లాంకాస్టరునకు ఆ శూన్యము మాత్రము పిత్రార్జితముగా సంక్రమించెను. అడిగినవారికి అక్కరకు రాని చోటు, అడుగనివారికి వరమైనది.

ఆ వరమును సంపూర్ణముగా వాడుకొన్నవాడు బార్న్స్ వాలిస్ అను ఇంజనీరు. జర్మనీ ఆనకట్టలను కూల్చుటకు ఆయన కల్పించిన 9,250 పౌండ్ల ఆయుధము పీపా ఆకారము గలది. నీటిపై గెంతుచు పోవుటకై, విడుచుటకు ముందే అది నిమిషమునకు 500 మారులు వెనుకకు తిరుగవలెను. కావున అర తలుపులను ఊడదీసి, పీపాను విమానమునకు అడ్డముగా రెండు బాహువుల నడుమ బిగించి, ఒక మోటారుచే పట్టీతో త్రిప్పిరి. 1943 మే 16 రాత్రి 19 విమానములు బయలుదేరి, నీటికి 60 అడుగుల ఎత్తున ఎగురుచు మోనె, ఎడర్ ఆనకట్టలను ఛేదించెను. ఎనిమిది విమానములు తిరిగి రాలేదు. 53 మంది వైమానికులు మరణించిరి. దిగువ లోయలలో వరదపాలైన వేయిమందికి పైబడిన జనులలో, నిర్బంధముగా పనికి తేబడిన పరదేశస్థులును పెక్కురుండిరి. ఈ సాహసమును పొగడువారు ఆ సంగతి నంతగా తలంపరు.

వాలిస్ మనసు మాత్రము ఆదినుండియు మరొక ఆయుధముపైననే లగ్నమైయుండెను. బాంబు లక్ష్యముపై బడి ప్రేలుటకంటె, దాని ప్రక్కనే భూగర్భమునకు చొచ్చుకొనిపోయి ప్రేలినచో, నేల కంపించి పునాదులే కదలునని ఆయన సిద్ధాంతము. ఆ సిద్ధాంతమున పుట్టిన 12,000 పౌండ్ల టాల్‌బాయ్ పొడవు 21 అడుగులు. తోకరెక్కలను కొంచెము వాలుగా అమర్చుటచే అది బొంగరమువలె తిరుగుచు సూటిగా దిగెడిది. పొడవు ఇమిడినను దాని లావునకు తలుపులను ఉబ్బెత్తుగా మార్చవలసివచ్చెను. 1944 నవంబరు 12న నార్వే తీరమున జర్మనీ వారి టిర్పిట్జ్ యుద్ధనౌక తలక్రిందులైనది దీని దెబ్బకే.

పిదప వచ్చిన గ్రాండ్‌స్లామ్ బరువు 22,000 పౌండ్లు, పొడవు 26 అడుగులకు పైమాట. ఉక్కు తొడుగులో కరగించి పోసిన ప్రేలుడు పదార్థము చల్లారి గట్టిపడుటకే నెలదినములు పట్టెడిది. ఇంతటి వస్తువును మోయుటకు లాంకాస్టరు తన్ను తానే త్యజించుకొనవలసివచ్చెను: తలుపులు పూర్తిగా పోయినవి, ముక్కునందలి తుపాకీలు పోయినవి, నడివీపుననున్న తుపాకీ బురుజు పోయినది, వైర్‌లెస్ ఆపరేటరు దిగిపోయెను, చక్రముల కాళ్లు మాత్రము మరింత బలపడినవి. శత్రువు ఎదురైనచో ఏమి గతియని యడిగినవానికి, వెంట వచ్చు యుద్ధవిమానములే దిక్కని సమాధానము. సగము బయటికి కనబడుచు గొలుసుతో వ్రేలాడు ఆ బాంబును, లక్ష్యము దొరకనప్పుడు సముద్రమున పారవేయుటకైనను వీలులేదు. అంతటి ఖరీదైనది గనుక, దానితోడనే తిరిగివచ్చి దిగవలెను. ఆ వైమానికులను తలచుకొన్నప్పుడు, ఎక్కించుటకంటె దించుటయే భయంకరమని తోచును.

1945 మార్చి 13న ఇంగ్లండులోని న్యూఫారెస్టున పరీక్షింపబడి, మరునాడే గ్రాండ్‌స్లామ్ యుద్ధమునకు పోయెను. గొలుసు వీడినంతనే విమానము పైకెగసినది. టాల్‌బాయ్‌లతోపాటు పడిన ఈ బాంబునకు జర్మనీలోని బీలఫెల్డ్ రైలువంతెన కమానులు కొన్ని కూలినవి. యుద్ధము ముగియులోపల ఇట్టివి నలుబదికి పైగా ప్రయోగింపబడినవి.

అమెరికా వారి బి-29 బాంబరు లాంకాస్టరుకంటె పెద్దదైనను, రెక్కల దూలము నడుమనడ్డుటచే దాని అర రెండు ముక్కలైయుండెను. తొలుత తలపెట్టిన అణుబాంబు 17 అడుగుల పొడవైనది. దానికొరకు రెండు అరలను కలుపవలసి, 1944లో జరిగిన పరీక్షలలో విడుపు యంత్రమును మొరాయించెను. అప్పుడు వారు లాంకాస్టరులో టాల్‌బాయ్‌ను మోసిన బ్రిటిషు విడుపు యంత్రమునే తెచ్చుకొనిరి. పొడవైన బాంబు విరమింపబడినను యంత్రము నిలిచినది. పసిఫిక్ సముద్రమందలి టినియన్ ద్వీపమున, విమానము క్రింద చేర్చుటకు వీలులేనంత పెద్దదైన మరొక అణుబాంబును ముందుగా గోతిలోనికి దించి, విమానమును గోతిపైకి నడిపి, క్రిందినుండి ఎత్తి ఆ యంత్రపు కొక్కెమునకే తగిలించిరి. 1945 ఆగస్టు 6 ఉదయమున హిరోషిమా మీద అది విడివడెను.