ఎండిన కాలువలో యెజ్డీ పందెం

మా బాబాయి గదిలో గోడకి రెండే పటాలుండేవి. ఒకటి మా ఊరి క్షీరారామలింగేశ్వరస్వామిది. రెండోది ఎవరో తెల్లవాడిది. స్వామి పటానికి నాయనమ్మ రోజూ పువ్వు పెట్టేది. తెల్లవాడి పటం మీద చెయ్యేస్తే మాత్రం బాబాయి ఊరుకునేవాడు కాదు. ఆ మనిషికి ఒంటినిండా బురద. మోటార్ సైకిలు మీద లేచి నుంచుని, బండితో సహా గాల్లో ఉన్నాడు.

"ఎవడ్రా వీడు? నాట్లేసి వస్తున్నాడా?" అనేది నాయనమ్మ.

ఆయన పేరు జోయెల్ రొబేర్. బెల్జియం దేశస్థుడు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. బాబాయి 'రాబర్టు' అనేవాడు గనక మేమూ రాబర్టనే అనేవాళ్ళం.

పాలకొల్లు వాళ్ళకి హీరోల లోటేమిటి చెప్పండి! అల్లు రామలింగయ్యగారు, దాసరి నారాయణరావుగారు, కోడి రామకృష్ణగారు అందరూ ఇక్కడివాళ్ళే. ఆ రోజుల్లో మావూరి కుర్రాడు మద్రాసు రైలెక్కాడంటే స్టూడియో గేటు దగ్గర తేలాల్సిందే. మా బాబాయి 1988లో చదువుకని వెళ్ళి షోలవరంలో తేలాడు.

నెల్లూరు వైపు నుంచి మద్రాసు వెళ్ళే పెద్దరోడ్డు మీద, ఊరింకా కాస్త దూరం ఉందనగా వస్తుంది షోలవరం. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ ఖాళీగా పడుంటే, 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు దాని మీద పందేలు పెట్టేవారు. ఎండలో, దుమ్ములో వేలమంది జనం. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చాక ఆ రన్‌వే వైభవం ముగిసింది. అంటే బాబాయి చూసింది చివరి రోజులన్నమాట. అయినా చెప్పడం మొదలెడితే భోజనం చల్లారిపోయేది.

కానీ ఆయన మనసు పడింది ఆ నున్నటి పందేల మీద కాదు, బురద పందేల మీద. పేవ్‌మెంటు మీద అమ్మే పాత ఇంగ్లీషు పత్రికల్లో మోటోక్రాస్ బొమ్మలు చూసి పిచ్చెక్కి, మెస్ డబ్బులు పెట్టి కొనుక్కొచ్చేవాడు. గోడ మీది రాబర్టు ఆ పత్రికల్లోంచి వచ్చినవాడే.

మోటోక్రాస్ అంటే తారురోడ్డు ఉండదు. గుట్టలు, గుంటలు, ఇసుక, రొచ్చు... అన్నీ దాటి చుట్లు తిరగాలి. 1924లో ఇంగ్లండులో కేంబర్లీ అనే చోట మొదటి పందెం జరిగిందంటారు. అప్పుడు దాన్ని 'స్క్రాంబుల్' అన్నారు. తర్వాత ఫ్రెంచి వాళ్ళు మోటార్ సైకిల్‌కి వాళ్ళ మాటనీ, క్రాస్ కంట్రీనీ కలిపి మోటోక్రాస్ చేశారు. 1957లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైంది. మొదట్లో ఆ బళ్ళు మన బుల్లెట్టులాంటి బరువైన ఫోర్ స్ట్రోక్ బళ్ళు. అరవైల్లో చెకొస్లొవాకియా, స్వీడన్ వాళ్ళ తేలికైన టూ స్ట్రోక్ బళ్ళొచ్చి వాటిని ఇంటికి పంపేశాయి. స్వీడన్ నుంచి టోర్‌స్టెన్ హాల్‌మన్ హస్క్‌వర్నా బండి మీద 250 సీసీలో నాలుగుసార్లు గెలిచాడు. మన రాబర్టు 1964లో, ఇరవై ఏళ్ళ వయసులో, సీజెడ్ బండి మీద ప్రపంచ ఛాంపియనయ్యాడు. మొత్తం ఆరుసార్లు గెలిచాడు. చివరి మూడూ సుజుకీ మీద. 1970లో ఆయన గెలిచిందే మోటోక్రాస్‌లో జపాన్ బండికి మొట్టమొదటి టైటిల్. కసరత్తుల జోలికి పెద్దగా వెళ్ళని మనిషని పేరు. 2021 జనవరిలో ఆయన పోయాడని చదివి బాబాయికి ఫోన్ చేస్తే, కాసేపు మాట్లాడలేదు.

ఇంతకీ బాబాయికి ఆ బెల్జియం మనిషితో చుట్టరికం ఎక్కడ కలిసిందంటే... యెజ్డీ దగ్గర! సీజెడ్, జావా రెండూ ఒకే దేశం బళ్ళు, అక్కాచెల్లెళ్ళలాంటివి. ఆ జావాని మన దేశంలో మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి తయారుచేసింది. 1973లో యెజ్డీ అని పేరు మార్చుకుంది. కాబట్టి మా వీధిలోని యెజ్డీకి రాబర్టు బండి వేలువిడిచిన మేనత్త వరస అవుతుందని బాబాయి వాదన.

ఆయన బండి ఎన్నో చేతులు మారి వచ్చింది. ఒక్కటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాలి, మర్చిపోతే ఇంజను పట్టేస్తుంది. కిక్ కొట్టే కడ్డీయే గేరు కడ్డీ కూడా. లోపలికి నొక్కి పైకి తిప్పి కిక్ కొడితే, స్టార్టయ్యాక మళ్ళీ ముందుకి వాల్చి దాంతోనే గేర్లు వెయ్యాలి. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో గీకివ్వడం నా డ్యూటీ. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

పందెం మాట

డెల్టాలో కొండలెక్కడివి? అంతా బల్లపరుపు. చేలో దిగితే బండి కూరుకుపోతుంది. మరి మోటోక్రాస్ ఎక్కడ ఆడతారు?

వేసవిలో దాళ్వా కోతలయ్యాక విజ్జేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు. ఊళ్ళో అందరూ ముందే చెరువులు నింపుకుంటారు. నాలుగు రోజులు పోయేసరికి నీళ్ళు లాగేసి, కాలువ అడుగు బయటపడుతుంది. మధ్యలో ఇసుక, అక్కడక్కడ ఒండ్రు, గుంటల్లో కొట్టుకునే చేపపిల్లలు, రెండువైపులా ఏటవాలు గట్లు. పూడిక తీసేవాళ్ళు వచ్చేలోపు దొరికే ఆ కొద్దిరోజులే మా వాళ్ళ ప్రపంచ ఛాంపియన్‌షిప్పు.

1995 వేసవి. రెండు యెజ్డీలు, ఒక రాజ్‌దూత్, ఒక యమహా ఆరెక్స్ హండ్రెడ్, ఒక బుల్లెట్టు. మడ్‌గార్డులూ లైట్లూ విప్పి గట్టు మీద పెట్టేశారు. రేవు మెట్ల దగ్గర మొదలై వంతెన కిందికి వెళ్ళి తిరిగి రావాలి, దారిలో రెండుచోట్ల గట్టెక్కి దిగాలి. తువ్వాలు ఊపితే బయల్దేరడం. గెలిచినవాళ్ళకి డజను గోళీసోడాలు. గట్టు మీద ముంజెలమ్మేవాళ్ళు కూడా చేరారు. బుల్లెట్టు మొదటి చుట్టులోనే ఒండ్రులో దిగబడితే ఆరుగురు కలిసి లాగారు.

రెండో పందెంలో బాబాయి గట్టు దిగుతూ పడ్డాడు. మణికట్టు వాచిపోయింది. చివరి పందెం మిగిలుంది. "నేను తోల్తా అన్నయ్యా" అంది మా చిన్నత్త.

చిన్నత్త అప్పుడు డిగ్రీ రెండో ఏడు పూర్తి చేసింది. ఆ చలికాలం అంతా తెల్లారగట్ల కొబ్బరితోటలో బాబాయి ఆవిడకి బండి నేర్పాడు. అది నాకొక్కదానికే తెలుసు, ఎవరికైనా చెప్తే నాకు ప్లగ్గు ఇవ్వనన్నాడు మరి. బాబాయి అటూ ఇటూ చూసి తాళం ఇచ్చేశాడు. వోణీ నడుంకి బిగించి, నాట్లలో ఆడవాళ్ళు చేసినట్టు లంగా ఎగదోపి ఎక్కింది. కుర్రాళ్ళు నవ్వారు. సరదాకి రానీండ్రా అన్నారు.

ఆరెక్స్ హండ్రెడ్ బాణంలా పోయింది. వంతెన దగ్గర తిరిగేటప్పటికి చిన్నత్త మూడోది. అక్కడి నుంచి మగవాళ్ళంతా నడిమధ్య తిన్నగా కొట్టారు. పైకి ఎండినట్టే ఉంది, కింద తడి. చక్రాలు తిరుగుతున్నాయిగానీ బళ్ళు కదలటం లేదు. చిన్నత్త మాత్రం ఎడం గట్టు వార పట్టుకుని వచ్చేసింది. అక్కడేముందో మగవాళ్ళకి తెలీదు. కాలువ కట్టేసిన రోజుల్లో ఆడవాళ్ళు ఇసకలో చెలమలు తవ్వుకుని నీళ్ళు తెచ్చుకుంటారు కదండీ! బిందెలతో నడిచి నడిచి, ఆ వార రాయిలా గట్టిపడింది. చిన్నత్త వారం రోజులుగా రెండు పూటలా అక్కడ నడుస్తోంది.

మొదట రేవు చేరింది ఆవిడే. ఆగడం మాత్రం రేవు మెట్లకి కొట్టుకుని ఆగింది. గోళీసోడాలు ఎవరూ ఇవ్వలేదు. నవ్వులూ లేవు.

సాయంత్రానికి కబురు తాతయ్యకి చేరింది. కేకలేశాడని అనుకుంటారేమో, ఒక్క మాట అన్లేదు. మర్నాడు పొద్దున్నే కండువా వేసుకుని సంబంధాలు చూడ్డానికి బయల్దేరాడు. శ్రావణంలో పెళ్ళి. డిగ్రీ మూడో ఏడు అలాగే ఉండిపోయింది. తాళం ఇచ్చింది నేనేనని, నేర్పింది నేనేనని బాబాయి నోరు విప్పుతాడని ఎదురుచూశాను. విప్పలేదు. నాకిప్పటికీ ఆయనంటే ప్రాణమే. కానీ ఆ సంగతి మర్చిపోలేదు.

బొమ్మల్లో లేనివాళ్ళు

ఆ మధ్య ఈ మోటోక్రాస్ చరిత్ర కుదురుగా కూర్చుని చదివాను. బాబాయి పత్రికల్లో ఆడవాళ్ళ బొమ్మ ఒక్కటీ ఉన్నట్టు నాకు గుర్తులేదు. కానీ ఆడవాళ్ళు ఉన్నారు! అమెరికాలో మేరీ మెక్‌గీ అని, 1936లో పుట్టిన ఆవిడ. గులాబీ చుక్కల హెల్మెట్టు పెట్టుకుని రోడ్డు పందేల్లో తోలేది. సినిమా హీరో స్టీవ్ మెక్వీన్ ఆవిణ్ణి ఎడారి పందేల వైపు లాగాడు. మోటోక్రాస్‌లోనూ దిగింది. 1975లో మెక్సికోలోని బాహా 500 పందెం, మగవాళ్ళే జోడీలుగా వంతులు వేసుకుని తోలే పందెం, ఒంటరిగా పూర్తి చేసింది. 2024 నవంబరులో, ఎనభై ఏడేళ్ళ వయసులో వెళ్ళిపోయింది.

కెర్రీ క్లైడ్ కథ చదివితే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. 1971లో ఆవిడ మోటోక్రాస్ లైసెన్సుకి అర్జీ పెడితే, పేరు చూసి మగవాడనుకుని అమెరికన్ మోటార్ సైక్లిస్ట్ అసోసియేషన్ వాళ్ళు ఇచ్చేశారు. తీరా పందేనికి వెళ్ళాక మనిషిని చూసి వెనక్కి లాక్కున్నారు. ఆవిడ కోర్టుకెళ్ళి గెలిచి, లైసెన్సు తెచ్చుకుంది. ఆడవాళ్ళకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టడానికి మాత్రం 2008 దాకా ఆగాల్సొచ్చింది. మగవాళ్ళకి పెట్టిన యాభై ఒక్క ఏళ్ళకి.

మన దేశంలోనూ రోజులు మారాయి. బెంగళూరు సీయస్ సంతోష్ మట్టి పందేల్లోంచి ఎదిగి 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యాడు. 2024లో అదే ర్యాలీలో కేరళ కుర్రాడు హరిత్ నోవా తన తరగతిలో గెలిచాడు. బెంగళూరమ్మాయి ఐశ్వర్య పిస్సే 2018లో స్పెయిన్‌లో పడి గట్టి దెబ్బలే తిని, మరుసటి ఏడాదే బాహా ప్రపంచ కప్పు మహిళల విభాగంలో గెలుచుకొచ్చింది. ఈ కబురు చిన్నత్తకి చెబితే, "వాళ్ళ నాన్నేమీ అన్లేదుటా?" అని అడిగింది.

యెజ్డీ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2022లో ఆ పేరుతో కొత్త బళ్ళు వచ్చాయి. బాబాయి వెళ్ళి చూసి, కిక్ కడ్డీ లేదని వెనక్కొచ్చేశాడు. ఆయన పాత బండి ఇప్పటికీ పెరటి పాకలో గోనెపట్టా కప్పుకుని ఉంది.

కిందటేడు మా ఇంట్లో శుభకార్యానికి అందరం చేరాం. రాత్రి డాబా మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని బాబాయి కాలువ పందేల కథ ఎత్తుకున్నాడు. ఎవరి బండి ఏమిటో, ఎవరెక్కడ పడ్డారో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చి, "ఆఖరి పందెం ఆరెక్స్ హండ్రెడ్ వాడిదే" అన్నాడు.

"కాదు బాబాయ్. చిన్నత్తది."

డాబా మీద ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. చిన్నత్త విస్తళ్ళు లెక్కపెడుతోంది. తలెత్తలేదు. "అది... పందెంలో పేరు ఇవ్వలేదుగా" అన్నాడు బాబాయి మెల్లిగా. తర్వాత పిల్లలు అత్తని చుట్టుముట్టి, ఎలా గెలిచావని పీకేస్తే, "గెలవడమేంటే, నాకు బ్రేకు గుర్తు రాలేదు, ఆగలేకపోయాను" అని నవ్వేసింది. చెలమల దారి సంగతి నేనే చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే పాకలోంచి చప్పుడు. వెళ్ళేసరికి గోనెపట్టా తీసి ఉంది. చిన్నత్త చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, కడ్డీ లోపలికి నొక్కి తిప్పి, కిక్ కొడుతోంది. యాభై ఏళ్ళ మనిషి! బాబాయి పక్కన చేతులు కట్టుకుని నుంచున్నాడు. నాలుగుసార్లు, ఐదుసార్లు... ఉహూఁ.

"పెట్రోల్లో ఆయిల్ కలిపావా అన్నయ్యా?"

"అసల్లో పెట్రోలే లేదే..."

"మరి ఎందుకు తొక్కమన్నావ్?"

బాబాయి జవాబు చెప్పలేదు. ఆ ఎండలో టోపీ కూడా లేకుండా, ఖాళీ వాటర్ బాటిల్ పట్టుకుని మా వారి స్కూటర్ తాళం అడిగి తీసుకున్నాడు. గేటు దాటుతుంటే చిన్నత్త వెనకనుంచి కేకేసింది.

"బాటిల్లో పొయ్యరు అన్నయ్యా... క్యాను పట్టుకెళ్ళు!"