ఫిజియోథెరపీ క్లబ్బు మన బడిలోనే మొదలు కావాలి

పెద్దయ్యాక ఏమవుతారని పదో తరగతి పిల్లల్ని అడిగితే డాక్టరు, ఇంజనీరు, పోలీసు అంటారు. ఫిజియోథెరపిస్టు అంటే ఎవరని అడిగితే 'కాళ్లు పిసికేవాళ్లు' అంటారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఇంట్లో తాతకు పక్షవాతం వచ్చినప్పుడో, అమ్మమ్మకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడో తప్ప ఆ మాట మన ఇళ్లలో వినిపించదు. వినిపించినా, అదొక చదువని, మన పిల్లలూ చదవగలరని చెప్పేవారు లేరు.

అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాల్లో ఈ పని విద్యార్థుల క్లబ్బులు చేస్తున్నాయి. అక్కడ ఫిజికల్ థెరపిస్టు కావాలంటే ముందు డిగ్రీ, సాధారణంగా నాలుగేళ్లు, పూర్తి చేయాలి. ఆ తరువాత సుమారు మూడేళ్ల డాక్టరేట్ కోర్సు ఉంటుంది. డిగ్రీ చదువుతూనే ఈ వృత్తి మీద ఆసక్తి ఉన్నవాళ్లంతా ఒక క్లబ్బుగా చేరతారు. పనిచేస్తున్న థెరపిస్టులను పిలిచి మాట్లాడిస్తారు. ఆసుపత్రుల్లో కొన్ని గంటలు పక్కన నిలబడి పని గమనిస్తారు. ఆ గంటల లెక్కను చాలా కళాశాలలు ప్రవేశాలప్పుడు అడుగుతాయి. ఇది తమకు సరిపడే పని కాదని తెలుసుకుని ముందే తప్పుకునేవాళ్లూ ఉంటారు. అదీ లాభమే కదా!

మన దగ్గర పరిస్థితి వేరు. పీయూసీలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారు నేరుగా బీపీటీలో చేరతారు. అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్లకే నిర్ణయం జరిగిపోతుంది. ఆలోచించుకునే కాలమంతా హైస్కూల్లో, పీయూసీలోనే ఉంది. అందుకే అక్కడ విశ్వవిద్యాలయంలో నడిచే క్లబ్బు ఇక్కడ బడిలో నడవాలని మేము అంటున్నాం.

నొప్పికి తెలుగులో ఎన్ని పేర్లు!

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు వైద్య రంగంలో చోటెక్కడిదని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. మొదటి ఏడాది శరీర నిర్మాణ శాస్త్రం కష్టంగానే ఉంటుంది. అది దాచాల్సిన సంగతి కాదు. కానీ ఈ వృత్తిలో సగం పని మాటతోనే జరుగుతుంది. మందు రాసిచ్చి పంపే పని కాదిది. రోగితో అరగంట, ముప్పావుగంట కూర్చోవాలి. 'ఊపిరి పీల్చండి, మెల్లగా మోకాలు వంచండి, ఇంకొంచెం' అని చెబుతూ చేయించాలి. ఇంటికెళ్లాక రోజూ చేసేలా ఒప్పించాలి.

మన పెద్దవాళ్లు నొప్పిని ఎన్ని రకాలుగా చెబుతారో గమనించండి. కాళ్లు పీకుతున్నాయి, మోకాలు సలుపుతోంది, మెడ పట్టేసింది, నడుం జివ్వుమంది, చెయ్యి తిమ్మిరెక్కింది, అరికాళ్లు మంటలు. ఇవన్నీ ఒకటి కావు. తిమ్మిరి అంటే నరం మీద ఒత్తిడి ఉందేమో చూడాలి. పట్టేసిందంటే కండరాన్ని పరీక్షించాలి. రోగి ఎంచుకునే మాటలోనే సమస్య జాడ ఉంటుందని శాస్త్రమూ ఒప్పుకుంది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. అందులో ఇంగ్లీషులో నొప్పిని వర్ణించే 78 మాటలు 20 గుంపులుగా ఉన్నాయి.

2011 జనగణన ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 35 లక్షలకు పైనే. వీరు కాక అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపుల నుంచి చికిత్సకు బెంగళూరు వచ్చేవారు ఎందరో. నిమ్హాన్స్‌లో, జయనగర సంజయ్ గాంధీ ఆసుపత్రిలో, వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆసుపత్రిలో వరండాల్లో నిలబడితే తెలుగు చెవిన పడుతుంది. ఆ రోగి చెప్పే 'సలుపు'కూ 'తిమ్మిరి'కీ తేడా తెలిసిన మనిషి అక్కడ కావాలి. ఆ తేడా మన పిల్లలకు పుట్టుకతో తెలుసు.

పోలియోతో మొదలైన చదువు

మన దేశంలో ఈ విద్య అవసరం కొద్దీ పుట్టింది. 1952లో ముంబయిలో పోలియో ప్రబలింది. కాళ్లు చచ్చుబడిన పిల్లలకు వ్యాయామం చేయించేవారు లేక, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 1953లో అక్కడి కేఈఎం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల తెరిచారు. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. 2014లో మన దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. పోలియో పోయినా పని తగ్గలేదు. పక్షవాతం, రోడ్డు ప్రమాదాలు, మోకాలి మార్పిడి, కంప్యూటర్ల ముందు వంగిన మెడలు, ముసలితనంలో పడిపోవడాలు వచ్చి చేరాయి. ఏటా సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినం జరుపుతారు. 2025లో దాని అంశమే ఆరోగ్యకరమైన వృద్ధాప్యం.

బడిలో ఏం చేయవచ్చు?

ఇందుకు ప్రత్యేక గది అక్కర్లేదు. నెలకు ఒక శనివారం, ఒక గంట, ఒక సైన్సు టీచరు చాలు. మేము సూచించేవి ఇవి.

మొదటిది, మాటల పుస్తకం. ప్రతి పేజీలో మూడు వరుసలు: తెలుగు, కన్నడ, ఇంగ్లీషు. మోకాలు, మొణకాలు, నీ. తిమ్మిరి, జోము, నంబ్‌నెస్. ఇంట్లో అవ్వను, పక్కింటి కన్నడ ఆంటీని అడిగి పిల్లలే నింపాలి. ఏడాది తిరిగేసరికి కాలేజీలో భయపెట్టే ఇంగ్లీషు మాటల్లో కొన్నయినా పాత చుట్టాలవుతాయి. కన్నడ నేర్చుకోకుండా ఇక్కడ ఏ ఆసుపత్రిలోనూ పనిచేయలేరన్న సంగతీ పిల్లలకు తెలిసివస్తుంది.

రెండోది, మనుషుల్ని చూడటం. దగ్గరలోని కళాశాల నుంచి బీపీటీ విద్యార్థిని పిలవండి. పెద్ద డాక్టరుగారికన్నా మూడేళ్లు ముందున్న అక్క చెప్పేది పిల్లలు బాగా వింటారు. లింగరాజపురంలో అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ 1959 నుంచి వికలాంగుల కోసం పనిచేస్తోంది. జేపీ నగర్‌లో మొబిలిటీ ఇండియా కృత్రిమ అవయవాల తయారీలో కోర్సులు నడుపుతోంది. ఇలాంటి చోట్లకు ముందుగా అనుమతి తీసుకుని కొద్దిమందిని తీసుకెళ్లవచ్చు. ఒక నియమం మాత్రం తప్పకూడదు. పిల్లలు చూడాలే కాని ఎవరికీ వ్యాయామం చేయించకూడదు, ఫొటోలు తీయకూడదు.

మూడోది, తమ ఒంటిని తాము చూసుకోవడం. బడిసంచీ బరువు తూచడం, బెంచీ మీద కూర్చునే తీరు గమనించడం, కండరాల పేర్లు నేర్చుకోవడం. జీవశాస్త్రం పాఠం కూడా దీనితో నిలబడుతుంది.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

ఎంబీబీఎస్ రాకపోతే పడేసే చోటు కాదు బీపీటీ. ఆ మనసుతో పంపిన పిల్లలు మొదటి ఏడాదే నీరసపడిపోతారు. మొదటి ఉద్యోగంలో జీతం తక్కువగానే ఉంటుంది. అనుభవం, పైచదువు కలిసాక నిలదొక్కుకుంటారు. చేతులకు, నడుముకు శ్రమ ఉన్న పని, ఓపిక కావలసిన పని. ఇవన్నీ తెలిసి ఇష్టపడిన పిల్లనే పంపండి.

కళాశాల ఎంచుకునేటప్పుడు భవనం చూసి మోసపోవద్దు. బెంగళూరులో చాలా కళాశాలలు 1996లో ఏర్పడిన రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞానాల విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి, కొన్ని సొంత విశ్వవిద్యాలయాల కింద నడుస్తున్నాయి. గుర్తింపు ఉందా, విద్యార్థులు ఏ ఆసుపత్రిలో రోగుల్ని చూస్తారు, రోజుకు ఎందరిని చూస్తారు అని అడగండి. ఆసుపత్రి పేరు చెప్పలేని కళాశాలకు డబ్బు కట్టకండి. 2021లో వచ్చిన చట్టంతో ఈ వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పడింది. ఇంతకాలం నాలుగున్నరేళ్లుగా ఉన్న కోర్సు కొత్త పాఠ్యప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లయింది. ప్రవేశ నిబంధనలూ మారుతున్నాయి కనుక ఏజెంటు మాట నమ్మకుండా ఆ ఏడాది కర్ణాటక పరీక్షా ప్రాధికారం ప్రకటన చూసుకోండి.

తెలుగు బడిలో చేర్పించి పిల్లల దారి మూసేశామన్న దిగులు చాలా ఇళ్లలో ఉంది. ఆ దిగులుతోనే ఏటా కొందరు పిల్లలు మధ్యలో బడి మారిపోతున్నారు. మీ భాష మంచిదని పొగిడితే ఆ దిగులు పోదు. ఆ భాషతో ఎక్కడ పని ఉందో చూపించాలి. ఒక పెద్దాయన పక్షవాతం తరువాత మళ్లీ తొలి అడుగు వేస్తున్నప్పుడు పక్కన 'పడరు, నేనున్నాను తాతా' అని తెలుగులో చెప్పే పిల్ల కావాలి. ఆ పిల్ల ఈరోజు మన ఎనిమిదో తరగతిలో ఉంది. వచ్చే నెల మొదటి శనివారం ఆమెతో మొదలుపెట్టవచ్చు.