గీత నుండి గోడకు

కృష్ణా తుంగభద్రా నదుల సంగమ స్థానమైన కూడవెల్లిలో బాదామి చాళుక్యుల కాలంనాటి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం జలాశయం వల్ల ఆ ప్రదేశం ముంపునకు గురి కానుండగా, ఆలయాన్ని రాయి వెంట రాయిగా విప్పి, నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలోని అలంపురంలో తిరిగి నిర్మించారు. ఇటువంటి పనిలో మొదట కట్టడాన్ని కొలిచి పటాలు గీస్తారు. పిదప ప్రతి శిలపై ఒక సంఖ్య వేస్తారు. పటం ఆకారాన్ని తెలుపుతుంది. సంఖ్య ఆ శిల ఏ వరుసలోనిదో, దేని పక్కన నిలవాలో తెలుపుతుంది. సంఖ్యలు చెరిగిపోతే మిగిలేది రాళ్ల గుట్ట మాత్రమే.

కంప్యూటర్‌లో రూపొందించిన భవన నమూనాను ఒక సాఫ్ట్‌వేర్ నుండి మరొకదానికి తరలించేటప్పుడు కూడా ఇదే సమస్య ఎదురవుతుంది. క్యాడ్ అనగా కంప్యూటర్ సహాయంతో నమూనాలు గీసే పద్ధతి. 1982లో వెలువడిన ఆటోక్యాడ్ ఈ కోవకు చెందినది. ఇందులో గీసే సాధారణ పటంలో గోడ అంటే రెండు సమాంతర రేఖలే. చూసేవారు దానిని గోడగా గుర్తిస్తారు కాని, కంప్యూటర్ గుర్తించదు. భవన సమాచార నమూనా పద్ధతి, అనగా బిమ్, ఇందుకు భిన్నమైనది. 2000లో వచ్చిన రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్లలో గోడకు ఎత్తు, మందం, పదార్థం అనే వివరాలు ఉంటాయి. గోడను జరిపితే అందులోని తలుపు కూడా జరుగుతుంది. గోడ పొడవు పెరిగితే దాని ఘనపరిమాణం లెక్క తనంత తానే మారుతుంది.

క్యాడ్ పటాన్ని బిమ్‌లోకి దిగుమతి చేసినప్పుడు ఆకారం వస్తుంది కాని అర్థం రాదు. తెరపై పది తలుపులు కనిపించినా, తలుపుల పట్టికలో ఒక్కటీ చేరదు. ఆ పట్టికను నమ్మి అంచనా వేస్తే ఖర్చు లెక్క తప్పుతుంది. కొలమానం విషయంలోనూ జాగ్రత్త అవసరం. అంగుళాలలో గీసిన పటాన్ని మిల్లీమీటర్లుగా చదివితే 120 అంగుళాల గది 120 మిల్లీమీటర్ల పెట్టెగా మారిపోతుంది.

కనుక నిపుణులు ముందుగా పటంలోని అనవసరమైన గీతలను తొలగిస్తారు. కొలమానాన్ని, మూలబిందువును సరిచూస్తారు. పటాన్ని నమూనాలో శాశ్వతంగా కలపక, లంకెగా మాత్రమే జోడిస్తారు. అట్లు చేస్తే మూల పటం మారినప్పుడు ఆ మార్పును తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ పటాన్ని ఆధారంగా ఉంచుకొని, దానిపై అసలైన గోడలను, తలుపులను, దూలాలను బిమ్‌లోనే నిర్మిస్తారు. బిమ్ సాఫ్ట్‌వేర్ల మధ్య ఆకారంతోపాటు వివరాలను కూడా చేరవేయడానికి ఐఎఫ్‌సి అనే ఉమ్మడి రూపం ఉన్నది. అది 2013లో ఐఎస్ఓ 16739 పేరిట అంతర్జాతీయ ప్రమాణమైనది.

శిలపై వేసిన సంఖ్య అయినా, కంప్యూటర్‌లో గోడకు జోడించిన వివరమైనా చేసే పని ఒక్కటే. ఆకారంతోపాటు ఆ సమాచారం కూడా చేరినప్పుడే తరలింపు సంపూర్ణమవుతుంది.